ఆట ఆడినోళ్ళు హాలుకొస్తే: గేమ్ సినిమాలు, జనం, కలెక్షన్లు (భీమవరంలో కాలేజీ పిల్లలతో మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. గోడకి ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ముందు వరసలు ఖాళీగానే ఉన్నాయి, ఇక్కడ ముందు కూర్చుంటేనే సరిగ్గా వినపడుద్ది. అమ్మా, ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించండి, మైక్‌లోకి గాలి కొడుతుంది.

వీడియో గేముల మీద తీసిన సినిమాలు ఎందుకు ఆడతాయి, ఎందుకు పోతాయి అన్నదాని మీద మాట్లాడమన్నారండి. నేను చాలా ఏళ్ళు వెస్ట్ గోదావరిలో డిస్ట్రిబ్యూటర్ తరఫున రిప్రజెంటేటివ్‌గా పనిచేశాను. ఆ పనేంటో మీలో చాలామందికి తెలియకపోవచ్చు, రీలు బాక్సులున్న రోజుల్లో బాక్సుతో పాటే బస్సెక్కి పాలకొల్లో, నరసాపురమో, ఆచంటో, ఏ ఊరైతే ఆ ఊళ్ళో హాలు దగ్గరే ఉండి, షో షోకీ ఎన్ని టికెట్లు తెగినయ్యో చూసుకుని, డీసీఆర్ రాయించుకుని, సంతకం పెట్టించుకుని ఆఫీసుకి పంపించాలి. డీసీఆర్ అంటే ఆ రోజు కలెక్షన్ కాగితం. ఆ ఉద్యోగంలో తెర వైపు చూసేది తక్కువండి, జనం వైపు చూసేదే ఎక్కువ. ఇంటర్వెల్‌లో సోడా బండి దగ్గర ఏమనుకుంటున్నారు, క్లైమాక్స్‌కి ముందే బయటికొచ్చి సైకిల్ తీసేవాళ్ళు ఎంతమంది, రెండోసారి వచ్చినోళ్ళు ఏ సీనుకి ముందు లేచి నిలబడుతున్నారు, ఇవి చూస్తే రేపటి డీసీఆర్‌లో ఎంత ఉంటుందో ఇవాళే తెలిసిపోద్ది.

మా ట్రేడ్‌లో అందరూ ఒప్పుకునే సంగతొకటి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఇవాళ నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుద్ది. సినిమా బాగుందా లేదా అన్నది జనం చెప్తారు. హిట్టా ఫ్లాపా అన్నది డిస్ట్రిబ్యూటర్ కొన్న రేటు చెప్తుంది, తీసినోడికైతే పెట్టిన ఖర్చు చెప్తుంది. చెరువులున్న ఇళ్ళ పిల్లలు ఇక్కడ చాలామందే ఉంటారు, పోటీ మీద పోటీ పడి ఎకరం లీజు ఎక్కువకి పాడుకున్నాక రొయ్య ఎంత బాగా ఎదిగినా చివరికి చేతికి వచ్చేదేమీ ఉండదు కదండి, అలాగే ఇదీను. గేమ్ సినిమాలకి ఇది మరీ ఎక్కువ వర్తిస్తుంది, ఎందుకంటే ఆ సినిమాలకి జనం ముందే రెడీగా ఉంటారు, ఎంతమంది ఉన్నారో లెక్క కూడా ముందే తెలుసు. అంత తెలిసుండి కూడా తప్పు రేటు పెట్టారంటే అది జనం తప్పు కాదు.

2025 ఏప్రిల్ 4న మైన్‌క్రాఫ్ట్ అనే గేమ్ మీద తీసిన సినిమా వచ్చింది. ఖర్చు 15 కోట్ల డాలర్లు. అంతకు ముందు ఏడాది సెప్టెంబర్‌లో టీజర్ వదిలితే ఇంటర్నెట్‌లో తిట్టిపోశారు, చదరం చదరంగా ఉండే ఆ ప్రపంచంలో నిజం మనుషుల్ని పెట్టడమేంటి, ఆ గొర్రె ముఖం ఏంటి అని. ఆ తిట్లు చూసినోళ్ళు ఎవరైనా ఇది పోయింది అనుకుంటారు. తీరా చూస్తే అమెరికాలో మొదటి మూడు రోజులకే 16 కోట్ల 20 లక్షల డాలర్లు దాటింది, ప్రపంచం మొత్తం మీద 95 కోట్ల డాలర్లు దాటింది. విమర్శకుల్లో సగం మందికి పైగా బాగోలేదన్నారు. మరి ఏం జరిగింది?

జరిగింది హాల్లోనండి. అందులో ఒక సీనుంది, కుస్తీ గోదాలాంటి చోట అందులో నటించిన జేసన్ మొమోవా నిలబడి ఉంటే ఒక చిన్న పెట్టె దింపుతారు, అందులోంచి కోడి మీద ఎక్కిన పిల్ల జాంబీ వస్తుంది. గేమ్‌లో అది చాలా అరుదుగా కనిపించే రకం, గంటల తరబడి ఆడినా అందరికీ తగలదు. ఇంకో నటుడు జాక్ బ్లాక్ గట్టిగా చికెన్ జాకీ అని దాని పేరు అరుస్తాడు, అంతే, హాలు హాలంతా లేచి నిలబడి అరుపులు, చేతిలో ఉన్న పాప్‌కార్న్ మొత్తం గాల్లోకి, కూల్‌డ్రింకులు కూడా. అమెరికాలో ఒక హాల్లోకి అయితే బతికున్న కోడినే పట్టుకొచ్చి పైకెత్తారు, ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. కొన్ని చోట్ల పోలీసుల్ని పిలిచారు, హాళ్ళ ముందు నోటీసులు అంటించారు, జాక్ బ్లాక్ స్వయంగా ఒక షోకి వెళ్ళి పాప్‌కార్న్ విసరొద్దు బాబూ అని చెప్పాల్సొచ్చింది. అక్కడి పేపర్లలో ఇదేదో కొత్త రోగంలాగా రాశారు.

(నవ్వులు)

నవ్వుతారు మరి, మన జిల్లాలో పుట్టినోడికి అది రోగం అంటే ఎలా ఉంటుంది? పెద్ద హీరో ఎంట్రీకి న్యూస్ పేపర్లు చింపి సంచుల్లో నింపుకొచ్చి విసిరే ఊరండి ఇది. పాత రోజుల్లో చిల్లర కూడా విసిరేవాళ్ళు. తెర దగ్గర హారతులిచ్చేవాళ్ళు. నేనేమంటానంటే మైన్‌క్రాఫ్ట్ పిల్లలు చేసింది, మన ఫ్యాన్స్ చేసేది, రెండూ ఒకే చోట నుంచి వచ్చినయ్యి. ఆ హీరోని వాళ్ళు ఆ రోజు కొత్తగా చూడట్లేదు, ముందే వాళ్ళోడు. తెర మీద కనబడగానే మావోడు వచ్చాడు అని అరుపు. ఆ చికెన్ జాకీ కూడా వాళ్ళదే. పదేళ్ళు ఇంట్లో ఒక్కళ్ళే కూర్చుని ఆడుకున్న దాన్ని మొదటిసారి మూడొందల మంది మధ్యలో చూశారు, పక్కోడికి కూడా తెలుసని ఆ క్షణంలో తెలిసింది. దానికి ఉన్న బలం ఏ స్టోరీకీ ఉండదు.

నేను మా చెల్లెలి మనవణ్ణి తీసుకుని విజయవాడ వెళ్ళి చూశాను. వాడు సినిమా చూడలేదండి, చెప్పాడు. ఇప్పుడు క్రాఫ్టింగ్ టేబుల్ వస్తుంది తాతా, అది క్రీపర్ తాతా దగ్గరికి రానివ్వకూడదు పేలిపోద్ది, అది అలా చెయ్యకూడదు ముందు చెక్క కొట్టాలి. వాడి కుడిచేతి బొటనవేలు ఖాళీగా ఉన్న కుర్చీ చెయ్యి మీద ఆడుతూనే ఉంది, బటన్ నొక్కుతున్నట్టు. మా వెనక వరసలో ఇంకో పిల్లాడు మావాడు చెప్పింది తప్పని దిద్దాడు. ఇద్దరూ సీట్ల మీద నుంచి వెనక్కి ముందుకి వంగి వాదించుకున్నారు. ఆ పిల్లాడి నాన్న అర్థం కాక ఫోన్ చూసుకుంటున్నాడు. టికెట్ కొన్నది ఆ నాన్నే, కానీ ఆ సినిమా ఆయనది కాదు. ఈ ఒక్క సీను అర్థమైతే గేమ్ సినిమాల బిజినెస్ సగం అర్థమైనట్టేనండి. ఆడినోడు ప్రేక్షకుడిగా రాడు, హక్కుదారుడిగా వస్తాడు. వాడి ఆస్తిని నువ్వెలా చూసుకున్నావో లెక్క చూడ్డానికి వస్తాడు.

ఈ సంగతి హాలీవుడ్‌కి అర్థం కావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. మొదటి పెద్ద దెబ్బ 1993 మే నెలలో, సూపర్ మారియో బ్రదర్స్. మారియో అంటే ఎవరికి తెలీదండి, తొంభైల్లో ఇక్కడ కూడా టీవీకి తగిలించే వీడియో గేమ్ ఒకటి ఉండేది, పసుపు రంగు కేసెట్టు, పని చెయ్యకపోతే తీసి ఊది పెట్టేవాళ్ళు, అందులో లక్ష గేములు అని రాసుండేది గాని ఉండేవి పదో ఇరవయ్యో, వాటిలో మారియో ఖాయం. అసలు గేమ్ 1985లో వచ్చింది, 4 కోట్ల కాపీలు అమ్మింది. నీలాకాశం, ఆకుపచ్చ గొట్టాలు, పుట్టగొడుగులు, తాబేళ్ళు. అంత ముచ్చటైన దాన్ని తీసుకెళ్ళి వాళ్ళు చీకటి చీకటిగా, వానకి తడిసిన పాడుబడ్డ సిటీలాగా తీశారు. గేమ్‌లో గూంబా అంటే కనుబొమ్మలు ముడేసుకుని నడిచే చిన్న పుట్టగొడుగు, పిల్లోడు మొదట తొక్కి చంపేది దాన్నే. సినిమాలో గూంబాని ఏడడుగుల మనిషికి కోటు తొడిగి పైన గుప్పెడంత బల్లి తలకాయ పెట్టినట్టు చూపించారు. ఆడినోడు దాన్ని చూసి గుర్తుపట్టలేడు. ఆడనోడికి అదేంటో తెలీదు. ఇంకెవరికోసం తీశారండి?

అందులో మారియోగా వేసిన బాబ్ హాస్కిన్స్ గొప్ప నటుడు, ఆయనే తర్వాత ఇంటర్వ్యూలో తన జీవితంలో చేసిన అతి చెత్త పని అదేనన్నాడు. ఖర్చు 4 కోట్ల 80 లక్షల డాలర్లని లెక్క, అమెరికాలో వచ్చిన గ్రాస్, అంటే మొత్తం టికెట్ల డబ్బు, 2 కోట్ల 10 లక్షల లోపే. పైగా రెండు వారాలకి జురాసిక్ పార్క్ దిగింది. ఆ దెబ్బకి నింటెండో కంపెనీ తన మారియోని మళ్ళీ ఇంకో హాలీవుడ్ సినిమా చేతిలో పెట్టడానికి ముప్పై ఏళ్ళు ఆగింది.

మధ్యలో వచ్చినవి గబగబా చెప్పేస్తాను. 1995లో మోర్టల్ కోంబాట్, 2 కోట్ల లోపు ఖర్చుతో తీసి ప్రపంచవ్యాప్తంగా 12 కోట్ల డాలర్లు దాటించారు, కథ ఏమీ లేదు, గేమ్‌లో ఉన్న ఫైటర్లు, గేమ్‌లో ఉన్న దెబ్బలు, దానికో పాట, అంతే. అదే డైరెక్టర్ పాల్ ఆండర్సన్ 2002 నుంచి రెసిడెంట్ ఈవిల్ మొదలెట్టి 2016 దాకా లాగాడు, ఆరు సినిమాలకి కలిపి 120 కోట్ల డాలర్ల పైనే. వాటిల్లో ఒక్కదానికీ గొప్ప రివ్యూలు లేవండి, కానీ ఒక్కదానికీ పిచ్చి ఖర్చు పెట్టలేదు. 2001లో టూంబ్ రైడర్ ఏంజెలీనా జోలీ ముఖం మీద ఆడింది. అదే వేసవిలో ఫైనల్ ఫాంటసీ, మొత్తం కంప్యూటర్ బొమ్మలతో, 13 కోట్ల 70 లక్షలు పెడితే 8 కోట్ల 50 లక్షలు వచ్చింది, ఆ స్టూడియోనే మూసేశారు. గేమ్ పేరే ఉంది గాని గేమ్‌లో మనుషులెవరూ లేరందులో. పేరు చూసి వచ్చినోడు మోసపోయాననుకున్నాడు, పేరు తెలీనోడు రానేలేదు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన కేసు చెప్తాను, సోనిక్. 2019 ఏప్రిల్ 30న ట్రైలర్ వదిలారు. సోనిక్ అంటే నీలం రంగు ముళ్ళపంది, పెద్ద కళ్ళు, తెల్ల గ్లౌజులు, సెగా కంపెనీది, 1991 నుంచి ఉంది. ట్రైలర్లో దానికి నిజం మనిషి పళ్ళు పెట్టారండి. నిజం మనిషి కాళ్ళు. చిన్న చిన్న కళ్ళు, మధ్యలో ఖాళీ. క్లోజప్‌లో నోరు తెరిస్తే లోపల చిగుళ్ళు, పలువరస కనబడుద్ది, చిన్నపిల్లలు జడుసుకునేలాగా ఉంది. ఇంటర్నెట్ అంతా ఒకటే గోల. మామూలుగా మనం ఏం చూస్తాం, ప్రొడ్యూసర్లు వీళ్ళంతా యాంటీ ఫ్యాన్స్ అనేసి ఊరుకుంటారు, లేకపోతే సినిమా చూశాక మాట్లాడండి అంటారు. ఇక్కడ డైరెక్టర్ జెఫ్ ఫౌలర్ రెండు మూడు రోజుల్లోనే, మీరు చెప్పింది విన్నాం, మారుస్తున్నాం అని చెప్పేశాడు. నవంబర్లో రావాల్సిన సినిమాని 2020 ఫిబ్రవరి 14కి తోశారు. సోనిక్ కామిక్స్, కార్టూన్లు వేసిన టైసన్ హెస్ అనే ఆర్టిస్ట్‌ని, అంటే అసలు అభిమానుల్లోంచి వచ్చినోణ్ణి, పెట్టి బొమ్మ మళ్ళీ గీయించారు. సినిమా మొత్తం ఆ బొమ్మే కదండి, ప్రతి షాటూ మళ్ళీ చెయ్యాలి. 9 కోట్ల లోపు ఖర్చు, సుమారు 32 కోట్ల డాలర్లు వచ్చింది, అదీ కోవిడ్ తలుపులు మూసేసే ముందు. రెండో పార్ట్ 40 కోట్లు దాటింది, 2024 డిసెంబర్లో వచ్చిన మూడోది 49 కోట్ల దగ్గరికి వెళ్ళింది. పార్ట్ పార్ట్‌కీ పెరిగింది చూడండి, అది నమ్మకం పెరగడం. ఒకసారి నా మాట విన్నారు కాబట్టి మళ్ళీ వస్తాను అన్నాడు ఆడినోడు.

ఇక్కడొకటి చెప్పకుండా వెళ్ళలేను. ఆ బొమ్మ మార్చే పనిలో ఉన్న ఎఫెక్ట్స్ స్టూడియోల్లో వాంకూవర్‌లో ఎంపీసీ అనేదొకటి, సినిమా రిలీజ్‌కి రెండు నెలల ముందు, 2019 డిసెంబర్లో మూతపడింది. రాత్రింబగళ్ళు చేసినోళ్ళు ఆ హిట్టు చూసేసరికి వాళ్ళకి ఆ ఆఫీసే లేదు. మీలో యానిమేషన్, వీఎఫ్‌ఎక్స్ చదివేవాళ్ళు ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి, జనం మాట విన్నారని చప్పట్లు కొట్టించుకున్నది స్టూడియో, చాకిరీ చేసింది కుర్రాళ్ళు.

సరే, మరి అభిమానులు కావాలి, వాళ్ళ మాట వినాలి, అంతేనా అంటే అంతే కాదు. ఇక్కడే రేటు వస్తుంది. 2016లో వార్‌క్రాఫ్ట్. డైరెక్టర్ డంకన్ జోన్స్ స్వయంగా ఆ గేమ్ ఆడేవాడు, ప్రేమతో తీశాడు, అందులో అనుమానమే లేదు. ఖర్చు 16 కోట్ల డాలర్లు, పబ్లిసిటీ మళ్ళీ వేరే. ఇప్పుడు లెక్క వెయ్యండి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆ ఆన్‌లైన్ గేమ్‌కి బాగా ఊపులో ఉన్నప్పుడు, 2010లో, డబ్బు కట్టి ఆడేవాళ్ళు 1 కోటి 20 లక్షల మంది. అందులో ఒక్కడు కూడా మానకుండా అందరూ వచ్చి, తలా 10 డాలర్లు పెట్టి టికెట్ కొన్నారనుకోండి, గ్రాస్ 12 కోట్లు. బడ్జెట్ 16. అంటే ఆడినోళ్ళందరూ వచ్చినా సరిపోదు, ఆడనోళ్ళు కూడా రావాలి, కానీ ఆడనోడికి ఆ ఓర్కులెవరో, ఆ రాజ్యాలేంటో మొదటి అరగంటలో బుర్రకెక్కదు.

అమెరికాలో 4 కోట్ల 70 లక్షల దగ్గర ఆగిపోయింది. చైనాలో మాత్రం, అక్కడ ఆ గేమ్ ఒక తరం మొత్తం ఆడింది, అర్ధరాత్రి షోలు పడ్డాయి, 21 కోట్ల డాలర్లు దాటింది. ప్రపంచం మొత్తం 43 కోట్ల 90 లక్షలు. అప్పటికి గేమ్ సినిమాల్లో అదే రికార్డు. పేపర్లో ఆ నంబర్ చూస్తే హిట్టే కదా అంటారు. కానీ డీసీఆర్ చూసినోడు గ్రాస్ చూసి సంబరపడడండి, షేర్ ఎంత అంటాడు, అంటే హాళ్ళ వాటా పోగా చేతికొచ్చేది. చైనాలో రూల్ ఏంటంటే బయట దేశం సినిమాకి గ్రాస్‌లో పావు వంతే వస్తుంది. 21 కోట్లలో చేతికొచ్చేది 5 కోట్ల పైచిలుకు. అమెరికాలో హాళ్ళ వాటా పోగా సుమారు సగం, 2 కోట్ల పైన. మిగతా దేశాలన్నీ కలిపి 17, 18 కోట్ల గ్రాస్‌కి 7 కోట్లనుకోండి. ఇది నా ఉజ్జాయింపు లెక్క, కానీ ఎలా వేసినా 15 దగ్గరే తిరుగుద్ది, 16 పెట్టిన సినిమాకి, పబ్లిసిటీ కలపకుండా. 44 కోట్లు వసూలు చేసిన సినిమాకి రెండో పార్ట్ లేకపోయిందంటే కారణం ఇదే. మన దగ్గర కూడా వంద కోట్ల గ్రాస్ పోస్టర్ పడ్డ సినిమాకి బయ్యర్ ఇల్లు అమ్ముకోవడం మీరు విన్నారు కదా, అదే లెక్క అక్కడా.

దానికి పక్కన పెట్టి చూడండి, 2023 అక్టోబర్ 27న ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్. ఇదొక హారర్ గేమ్, పిల్లల పిజ్జా హోటల్లో రాత్రి వాచ్‌మన్ ఉద్యోగం, బొమ్మలు లేచి తిరుగుతాయి. రివ్యూలు రాసినోళ్ళలో మూడొంతుల్లో ఒక వంతు మందికే నచ్చింది. అదే రోజు పీకాక్ అనే ఓటీటీలో కూడా వేసేశారు, ఇంట్లో కూర్చుని చూడొచ్చు. ఖర్చు 2 కోట్ల డాలర్లు. అమెరికా మొదటి వీకెండ్ 8 కోట్లు! ఇంట్లో ఉన్నదాన్ని హాలుకి ఎందుకొచ్చి చూశారండి? అరవడానికి. ఆ గేమ్ మీద ఏళ్ళ తరబడి వీడియోలు చేసిన యూట్యూబర్ ఒకడున్నాడు, మ్యాట్‌ప్యాట్ అని, సినిమాలో హోటల్ సర్వర్‌గా ఒక్క నిమిషం కనిపించి తన యూట్యూబ్ డైలాగ్ చెప్తాడు, హాళ్ళలో పిల్లలు లేచి కేకలు. పక్కనున్న తల్లిదండ్రులకి ఆ సర్వర్ ఎవరో కూడా తెలీదు. రెండో వీకెండ్‌కి 76 పర్సెంట్ పడిపోయింది, మామూలు సినిమా అయితే ఆ డ్రాప్‌కి బయ్యర్ గుండె ఆగుద్ది. ఇక్కడ ఏమీ కాలేదు, మొదటి మూడు రోజుల్లోనే ఎప్పుడో బయటపడిపోయారు. మొత్తం 29 కోట్ల పైన. వార్‌క్రాఫ్ట్ కంటే గ్రాస్ తక్కువే, కానీ ఆ డబ్బు పెట్టినోడి నవ్వు వేరు.

అక్కడ సినిమాస్కోర్ అని ఒక కంపెనీ ఉంది, 1979 నుంచి, ఓపెనింగ్ రోజు హాలు దగ్గర జనానికి కార్డులిచ్చి గ్రేడ్ వెయ్యమంటారు. మేం సోడా బండి దగ్గర చెవులతో చేసిన పని వాళ్ళు కార్డులతో చేస్తారు. ఫ్రెడ్డీస్‌కి ఏ మైనస్ ఇచ్చారు జనం. 2023లో వచ్చిన కొత్త మారియోకి ఏ గ్రేడ్. మైన్‌క్రాఫ్ట్‌కి బీ ప్లస్. 2024 ఆగస్టులో వచ్చిన బోర్డర్‌ల్యాండ్స్‌కి డీ ప్లస్. ఆ బోర్డర్‌ల్యాండ్స్ గురించి చెప్పాలంటే నిజంగా బాధేస్తుందండి. కేట్ బ్లాంచెట్ లాంటి మహానటి ఉంది, 11 కోట్ల డాలర్ల పైన ఖర్చు, 2021లో షూటింగ్ చేసి, మళ్ళీ వేరే డైరెక్టర్‌తో కొంత రీషూట్ చేసి, మూడేళ్ళకి వదిలారు. ఆ గేమ్ పెద్దోళ్ళ గేమ్, నెత్తురు, బూతు, వెకిలి నవ్వు, అదే దాని రుచి. పిల్లలు కూడా వస్తారని అదంతా తీసేసి మెత్తగా చేశారు. ప్రపంచం మొత్తం మీద వచ్చింది 3 కోట్ల 30 లక్షలు. పిల్లలు రాలేదు, పెద్దోళ్ళూ రాలేదు. ఉప్పూ కారం తీసేస్తే అందరూ తింటారనుకోవడం పెద్ద పొరపాటు.

2023 మారియో కూడా ఈ చూపుతోనే చూడాలి. ఏప్రిల్ 5న వచ్చింది. ఈసారి మారియోని పుట్టించిన షిగెరు మియామోతో స్వయంగా ప్రొడ్యూసర్‌గా కూర్చున్నాడు, ఇల్యూమినేషన్ అనే యానిమేషన్ స్టూడియో వాళ్ళతో కలిసి. మారియోకి నటుడు క్రిస్ ప్రాట్ గొంతు ఏంటని ముందు గోల జరిగింది, నిజమే. కానీ తెర మీదకొచ్చాక ఆ గొట్టం, ఆ పుట్టగొడుగు, పక్క నుంచి పరిగెత్తే షాట్, కార్ట్ రేసు, ఆడినోడు ఏది వెతుక్కుంటాడో అదే అక్కడుంది. విమర్శకులు కథ లేదన్నారు. జనం 136 కోట్ల డాలర్లు పెట్టి మూడు తరాలు కలిసి చూశారు. 10 కోట్ల ఖర్చుకి. రెండో వీకెండ్ డ్రాప్ 37 పర్సెంటే. ఫ్రెడ్డీస్ 76, మారియో 37, ఈ రెండు అంకెల మధ్య తేడా ఏంటంటే మారియోకి ఆడినోడు తన పిల్లోణ్ణి తీసుకుని రెండోసారి వచ్చాడు. 1993లో ఆడిన పదేళ్ళ పిల్లోడికి 2023లో నలభై ఏళ్ళు, వాడి ఒళ్ళో పిల్లోడు. ఆ ముప్పై ఏళ్ళు నింటెండో ఊరికే ఆగలేదు, ప్రేక్షకుణ్ణి పెంచుకుంది.

మైన్‌క్రాఫ్ట్ కూడా అంతే, 2023 నాటికే 30 కోట్ల కాపీలు అమ్మిన గేమ్ అది. వార్‌క్రాఫ్ట్ లెక్కే దీనికీ వెయ్యండి, 30 కోట్లలో అయిదో వంతు మంది వచ్చినా సినిమా బయటపడుద్ది. అందుకే 15 కోట్ల ఖర్చు అక్కడ తక్కువ, 16 కోట్ల ఖర్చు వార్‌క్రాఫ్ట్‌కి ఎక్కువ.

పాప్‌కార్న్ సంగతి ఒకటి మిగిలింది. మైన్‌క్రాఫ్ట్ డైరెక్టర్ జారెడ్ హెస్, పాప్‌కార్న్ విసిరినందుకు పోలీసుల్ని పిలవడం విడ్డూరంగా ఉందన్నాడు. విసిరినదంతా ముందు కొన్నదే కదా, అక్కడ హాలువాళ్ళకి అసలు లాభం టికెట్టులో కంటే పాప్‌కార్న్‌లోనే ఎక్కువ, ఆ లెక్కన హాలు ఓనరు నవ్వుకునే ఉంటాడు. కానీ ఊడ్చేవాళ్ళ సంగతి ఎవరూ రాయలేదండి. మన హాళ్ళలో పెద్ద సినిమా మొదటి రోజు, ఫస్ట్ షో వదిలాక సెకండ్ షోకి జనాన్ని పంపేలోపు ఉండేది పది పదిహేను నిమిషాలు. ఇద్దరు ఆడవాళ్ళు, రెండు చీపుర్లు. కాగితం ముక్కలు పొడిగా ఉంటే చీపురుకి వచ్చేస్తాయి, కానీ ఎవడో కూల్‌డ్రింక్ ఒలకబోస్తాడు, దాని మీద కాగితం పడి నేలకి అంటుకుపోద్ది, అప్పుడు చీపురుతో రాదు, వంగి గోటితో గీకాలి. కుర్చీ కింద, కాళ్ళ సందుల్లో. గేటు బయట నెక్స్ట్ షో వాళ్ళు ఈలలు. ఆ గీకే చప్పుడు నేను దగ్గరుండి విన్నాను. అరవండి, ఈలలెయ్యండి, డ్యాన్సులెయ్యండి, హాలు అందుకే ఉంది, ఫోన్లో చూసేటప్పుడు దొరకనిది అదే. విసిరేది మాత్రం ఆ ఇద్దరికీ అదనంగా కూలి ఇప్పించే పద్ధతి హాలువాళ్ళు పెట్టాకే విసరండి. మైన్‌క్రాఫ్ట్ విడుదల చేసిన వార్నర్ వాళ్ళు మే నెలలో అల్లరి చేసుకోవడానికే పాటలు పాడుకునే స్పెషల్ షోలు పెట్టారు, అలాంటిది ఇక్కడా పెట్టొచ్చు, టికెట్ మీద పది రూపాయలు ఎక్కువ పెట్టి అది వాళ్ళకివ్వొచ్చు.

ఇంక ప్రశ్నలుంటే అడగండి. ఆ అమ్మాయికి మైకివ్వండి.

(ఒక విద్యార్థిని: అంటే రివ్యూలు అసలు పట్టించుకోనక్కర్లేదంటారా సార్?)

లేదమ్మా, అలా అనను. రివ్యూ రాసేవాడు ఆ గేమ్ ఆడనోడి తరఫున మాట్లాడతాడు. వార్‌క్రాఫ్ట్‌కి వాళ్ళు ఏమీ అర్థం కాలేదన్నారు, అది నిజంగా కలెక్షన్లలో కనబడింది, ఆడనోడు రాలేదు కాబట్టి. ఫ్రెడ్డీస్‌కి ఆడనోడు అవసరమే లేదు కాబట్టి రివ్యూ తగల్లేదు. అంటే రివ్యూ ఎంత తగులుద్ది అన్నది కూడా రేటును బట్టే ఉంటుంది. ఖర్చు పెరిగేకొద్దీ తెలీనోళ్ళు రావాలి, తెలీనోళ్ళు రావాలంటే రివ్యూ కావాలి.

(ఒక విద్యార్థి: మన తెలుగులో ఏ గేమ్ మీద సినిమా తీస్తే ఆడుద్దండి?)

మంచి ప్రశ్న తమ్ముడూ. మన దగ్గర ఇప్పటిదాకా రివర్సులో వచ్చింది, 2017లో బాహుబలి మీద మొబైల్ గేమ్ వచ్చింది. గేమ్ నుంచి సినిమా అంటే, మన ఊళ్ళల్లో కుర్రాళ్ళు కలిసి ఆడింది పబ్జీ. 2020 సెప్టెంబర్లో బ్యాన్ చేసినప్పుడు ఇక్కడ వంతెనల మీద, రావిచెట్ల కింద గుంపులు గుంపులుగా కూర్చునే కుర్రాళ్ళు ఎలా అయిపోయారో నేను చూశాను. దానికి జనం ఉన్నారు. కానీ ఆ హక్కులు కొరియా కంపెనీవి, వాళ్ళు అడిగే రేటుకి మన మార్కెట్ ఒక్కటే గిట్టదు. ఇప్పుడే లెక్క వేశాం కదా.

నేను మీకు చెప్పేది ఇంకోటి. ఫ్రెడ్డీస్ గేమ్ 2014లో చేసింది స్కాట్ కాథన్ అనే ఒక్క మనిషి. ఇంట్లో కూర్చుని చేశాడు. మరుసటి ఏడాదే పెద్ద స్టూడియో వచ్చింది, సినిమా మాత్రం రావడానికి మరో ఎనిమిదేళ్ళు పట్టింది. మధ్యలో ఒక స్టూడియో మారింది, స్క్రిప్టులు ఒకదాని తర్వాత ఒకటి వచ్చినయ్యి, ఆయన నచ్చక పక్కన పెట్టేశాడు, ఏది ఎందుకు వద్దన్నాడో 2020లో లిస్టు రాసి జనానికే చెప్పాడు. అలా వద్దనగలిగాడంటే ఆ హక్కు ఆయన చేతిలో ఉంచుకున్నాడు కాబట్టి. మీ క్లాసుల్లో గేములు చేసేవాళ్ళు ఉన్నారని సార్ చెప్పారు ఇందాక. రేపు మీ గేమ్ నలుగురు ఆడితే ఎవరో ఒకరు హైదరాబాద్ నుంచి కారేసుకొస్తారు, అడ్వాన్స్ చేతిలో పెడతారు. అగ్రిమెంట్లో స్క్రిప్టు మీ సంతకం లేకుండా సెట్‌కి వెళ్ళకూడదని ఒక లైను రాయించుకోండి, బడ్జెట్ ఇంతకు మించకూడదని ఇంకో లైను. ఆ రెండో లైనుకి వాళ్ళు ఒప్పుకోరు, అయినా అడగండి.